గేటు బయట డోలక్

కంచరపాలెం, విశాఖపట్నం
నవంబరు 16

స్టెల్లాకి,

నీ వదిన రాజ్యశ్రీ రాసేది. ఇక్కడ అందరం తిని తిరుగుతున్నాం. మీరూ అలాగే ఉన్నారనుకుంటాను. ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్ చేస్తే నువ్వు వంటింట్లోకి వెళ్ళి గుసగుసలాడతావు. మీ రెండు గదుల క్వార్టర్లో గుసగుస అంటే మైకు పెట్టి చెప్పినట్టే. పక్కనే మా తమ్ముడుంటాడు. పైగా నేనొకటంటే నువ్వొకటంటావు, చివరికి ఇద్దరం ఏడ్చి పెట్టేస్తాం. అందుకని పైడయ్య బాబాయి చేతికిస్తున్నాను. కొడుకుని చూసే వంకతో ఆయన కిరండూల్ ప్యాసింజరు ఎక్కుతూనే ఉంటాడు కదా. కవరు విప్పి చదివే మనిషి కాదు.

విషయానికి వస్తాను. మా తమ్ముడు శ్యామ్‌ప్రసాద్ జగదల్‌పూర్‌లో మందు మాన్పించే సెంటర్ నుంచి ఇంటికొచ్చి నెల దాటింది. ఇంతవరకు ముట్టలేదంటున్నావు, దేవుడికి స్తోత్రం. కానీ రాబోయేది డిసెంబరు. మీ టౌన్‌షిప్‌లో డిసెంబరంటే ఏమిటో నాకు ఒకరు చెప్పాలా? మా నాన్న ఆ ఇనుప గనిలోనే పనిచేసి రిటైరయ్యాడు, నేను పెరిగిందే అక్కడ. క్రిస్మస్ పాటలంటూ గుంపుగా బయల్దేరి ఇంటింటికీ తిరుగుతారు. అన్నిటికంటే ఆఖరున కాంట్రాక్టరు చక్రధరరావు గారిల్లు. పాస్టరుగారు ప్రార్థన చేసి అటు వెళ్ళగానే ఇటు మేడ మీద సీసాలు దిగుతాయి. పోయినేడు మా తమ్ముడు క్రిస్మస్ తాత వేషంతోనే ఆ మెట్ల మీంచి దొర్లాడు. కన్నకూతురు రూతు తన స్నేహితురాళ్ళతో కింద నిలబడి చూసింది. ఆ పిల్ల ముఖం నాకింకా కళ్ళలోనే ఉంది.

కాబట్టి నేను చెప్పినట్టు విను. డిసెంబరు సగానికల్లా ముగ్గురూ ఇక్కడికి వచ్చేయండి. పండగ ఇక్కడే చేసుకుందాం. మా ఆయన మందు ముట్టరని నీకు తెలుసు, మా ఇంట్లో కాఫీ కంటే ఘాటైనది దొరకదు.

ఇంకోటి. బాబాయితో పంపే ఉసిరి పచ్చడి జాడీ మూతకి కట్టిన గుడ్డలో ఒక పొట్లముంది. మార్కెట్ వెనక సందులో ఒకాయన ఇస్తాడు. తెల్లటి పొడి, రుచీ పచీ ఉండదు. పొద్దున్న వాడి కాఫీలో చిటికెడు వెయ్యి. తాగేవాడికి తెలియకూడదట, తెలిస్తే పనిచేయదట. మా ఎదురింటి దేముడు దీంతోనే మానేశాడు. ఇప్పుడు సీసా కనిపిస్తే ముఖం తిప్పుకుంటున్నాడని వాళ్ళావిడ మురిసిపోతోంది. నువ్వు పెద్ద చదువుకున్నదానివి, ఇవన్నీ నమ్మనంటావు. నమ్మక్కర్లేదు, కలిపితే చాలు.

పచ్చడి తడి చెంచాతో తియ్యకు.

నీ వదిన
రాజ్యశ్రీ


కిరండూల్
నవంబరు 25

వదినా,

జాడీ చెక్కుచెదరకుండా వచ్చింది. బాబాయి దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడట. అరకు దగ్గర సొరంగాలు చూద్దామన్నా లేవలేదట. రూతు మూత విప్పేసరికి వీధంతా ఉసిరి వాసన. అప్పుడే సగం అయింది. తప్పు నాది కాదు, మీ తమ్ముడికి ఇప్పుడు నాలుక కొత్తగా పుట్టినట్టుంది. బెల్లం, పల్లీ చిక్కీ, పచ్చడి, ఏది కనపడితే అది. సెంటర్లో కల్యాణి మేడం ముందే చెప్పింది, తీపి మీద మనసు పోతుంది, పోనివ్వండి అని. చిక్కీలు కొని కొని దుకాణంలో వాళ్ళకి మేం చుట్టాలమైపోయాం.

ఆయన సంగతి నీకు ఉన్నదున్నట్టు రాస్తాను. గనిలో డంపర్ లారీ నడపడానికి ఇంకా ఎక్కించలేదు. టైర్ల షాపులో వేశారు. మనిషి కంటే ఎత్తున్న టైర్ల మధ్య పొద్దంతా తిరిగొస్తాడు. అక్కడ మంగ్లూ అని కుర్రాడున్నాడు, రోజూ పొద్దున్న "దాదా, ఠీక్?" అంటాడు, ఈయన "ఠీక్" అంటాడు. అంతకు మించి ఏమీ అడగడు. టౌన్‌షిప్‌లో మిగతావాళ్ళు కూడా అలా ఉంటే ఎంత బాగుండును. కొందరు ఎదురుపడితే పక్క సందులోకి తప్పుకుంటున్నారు. కొందరు ఆస్పత్రిలో రోగిని చూసినట్టు తల ఊపుతున్నారు.

కష్టమైన వేళ సాయంత్రం. డ్యూటీ దిగి స్నానం చేశాక, దీపాలు పెట్టేలోపల. కాలుగాలిన పిల్లిలా ఈ గదిలోంచి ఆ గదిలోకి తిరుగుతాడు. ఆ సమయానికి ఏదో ఒక పని ఉండాలి. కొళాయి బాగుచేశాడు. పక్కింటి కొళాయి బాగుచేశాడు. ఇప్పుడు రూతుకి లెక్కలు చెబుతున్నాడు. బజారుకి చుట్టూ తిరిగి బడి వెనక నుంచి వెళ్తున్నాడు. తిన్నగా పోతే ఇప్పసారా అమ్మేవాళ్ళు కూర్చుంటారు కదా. "ఆ వాసన తగిల్తే కాళ్ళు నా మాటినవు" అని తనే చెప్పాడు. ఆ మాట చెప్పగలిగిన మనిషి మీద నాకు నమ్మకం ఉంది వదినా. తాగే రోజుల్లో ఏనాడూ అంత నిజం చెప్పలేదు.

విశాఖకి రాం. కోపం తెచ్చుకోకు. పండగ ఎగ్గొట్టి మీ ఇంట్లో దాక్కుంటే, జనవరిలో మళ్ళీ వచ్చేది ఈ వీధికే. ఇక్కడ తాగిన మనిషి ఇక్కడే మానాలి. నిన్న సంఘం నుంచి సతీష్ వచ్చాడు. గుమ్మంలో నిలబడి చెవి గోక్కుంటూ, "అన్నా, ఈసారి పాటలకి డోలక్ ఎవరు పట్టుకుంటారా అని..." అన్నాడు. మన వాళ్ళలో డోలక్ ఈయనలా వాయించేవాడు ఇంకొకడు లేడని నీకూ తెలుసు. ఈయన "సూద్దాం" అని, బాగున్న కొళాయినే మళ్ళీ విప్పాడు. రూతు మాత్రం ఈ ఏడు తను పాటలకి రానని చెప్పేసింది.

పొట్లం అందింది. దాన్ని ఏం చేయాలో అదే చేశాను. దాని గురించి బెంగ పెట్టుకోకు.

స్టెల్లా


కంచరపాలెం, విశాఖపట్నం
డిసెంబరు 4

స్టెల్లాకి,

రానంటే రాకండి, నాకేం. ముందు కోపం వచ్చింది, తర్వాత ఆదివారం మా తమ్ముడు ఫోన్ చేశాడు. నా మోకాళ్ళ నొప్పి సంగతి అడిగాడు, మా ఆయన బట్టతల మీద జోకు వేశాడు. ఎన్నేళ్ళయింది వాడు అలా నవ్వి. ఫోన్ పెట్టేసి కూర్చుని బాగా ఏడ్చాను, సంతోషంతోనే.

చూశావా, పనిచేసింది. నాకు తెలుసు. నువ్వు కలుపుతావని కూడా తెలుసు, పైకి ఎంత చదువు వెలగబెట్టినా. స్త్రీల కూటంలో సాక్ష్యం చెప్పమన్నారు. లేచి నిలబడి చెప్పాను, మా తమ్ముణ్ణి సెంటర్లో నెలల తరబడి ఉంచినా నాకు నమ్మకం కలగలేదు, కాఫీలో చిటికెడు పొడి వాణ్ణి మనిషిని చేసింది అని. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ సందు ఎక్కడో చెప్పమని వెంటపడ్డారు. మా వీధి చివర అప్పలకొండమ్మకి నేనే తెచ్చిచ్చాను, ఇంకొకావిడకి కూడా.

కాబట్టి ఇక భయం లేదు. వాణ్ణి పాటలకి పంపు, డోలక్ వాయించనీ. చక్రధరరావు గారింటికి వెళ్ళే రోజు మాత్రం కాఫీలో ఇంకో చిటికెడు ఎక్కువ వెయ్యి. సీసా మూత తీసినా వాడికి కడుపులో తిప్పాలి.

కేకు ఎప్పటిలాగే చేస్తున్నాను. ఎండుద్రాక్షలూ జీడిపప్పూ సెప్టెంబరులోనే నానబెట్టాను, ఈసారి రంగు బ్రహ్మాండంగా వచ్చింది. పిండి కలిపి బేకరీకి తీసుకెళ్ళి వాళ్ళ పొయ్యిలో కాల్పిస్తాను. బాబాయి పన్నెండో తారీఖున వస్తాడు, ఆయన చేత పంపుతాను. రూతుకి పైముక్క, మిగతాది అంతా మా తమ్ముడికి.

నీ వదిన
రాజ్యశ్రీ


కిరండూల్
డిసెంబరు 14

వదినా,

నిన్న పొద్దున్న నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను బట్టలారేస్తున్నాను. ఫోన్ ఎత్తింది ఆయన. నువ్వు హలో కూడా అనకుండా "కేకు ముట్టుకోవద్దని చెప్పవే" అని గోల పెట్టావట. అవతల ఉన్నది నేను కాదని తెలిశాక కూడా ఆగలేదట. ఎదురింటి దేముడు పెళ్ళిలో ఒక గ్లాసు తాగి విరుచుకు పడిపోయాడనీ, ఆస్పత్రిలో డాక్టరు ఆ పొడి చూసి వాళ్ళావిణ్ణి చెడామడా తిట్టాడనీ, దాని మీద చుక్క మద్యం పడినా ప్రాణం మీదికి వస్తుందని చెప్పాడనీ, కేకులో వేసిన ద్రాక్షలు నువ్వు రమ్ములో నానబెట్టావనీ, ఆయన కాఫీలో రోజూ పొడి ఉందనీ అన్నీ చెప్పేశావు. ఏడుస్తూ చెప్పావట. నేను పరుగెత్తుకొచ్చేసరికి ఆయన అంటున్నది ఒకటే మాట.

"నా కాఫీలో పంచదార తప్ప ఏటీ నేదప్పా. ఏడవకు."

తర్వాత నువ్వు ఫోన్ పెట్టేశావు. కాబట్టి మిగతాది నేను చెప్పాలి. చెప్పనని ఆయనకి మాటిచ్చాను, ఆ మాట ఇప్పుడు తప్పుతున్నాను.

పొట్లం వచ్చిన రోజునే తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. మీ అప్ప పంపింది, నీకు తెలియకుండా కలపమంది, నేను కలపను అని చెప్పాను. మనిషికి తెలియకుండా వాడి కడుపులోకి ఏదీ పంపకూడదని కల్యాణి మేడం గట్టిగా చెప్పింది. ఆవిడ చెప్పకపోయినా నేను ఆ పని చేయను. ఇన్నాళ్ళూ నా దగ్గర దాచి తాగినందుకే కదా ఆయనతో పోట్లాడాను. ఇప్పుడు ఆయన దగ్గర దాచి నేను మాన్పిస్తే ఆ పోట్లాటకి అర్థమేముంది?

ఆయన పొట్లాన్ని చాలాసేపు చేతిలో తిప్పాడు. కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. "పారెయ్. అప్పకి మాత్తరం సెప్పకు. నాను మానేనంటే నమ్మదు. పొడి మాన్పిందంటే నమ్ముతాది. నమ్మి సుకంగా పడుకోనీ" అన్నాడు. నువ్వు ఏళ్ళ తరబడి ఆయన కోసం నిద్ర లేకుండా ఉన్నావని ఆయనకి తెలుసు. నీకు ఇవ్వగలిగింది అదొక్కటే అనుకున్నాడు.

నేనూ ఊరుకున్నాను. కానీ నువ్వు కూటంలో లేచి చెప్పిన సాక్ష్యం గురించి రాశావు చూడు, అది చదివాక ఒళ్ళు మండిపోయింది. సాయంత్రం చేతులు వణుకుతుంటే ఆ చేతుల్ని తొడల కింద పెట్టుకుని కూతురికి భిన్నాలు చెప్పిన మనిషి ఒకడున్నాడు వదినా. బజారుకి తిన్నటి దారి ఉండగా చుట్టూ తిరిగి వెళ్ళే మనిషి. ఆ కష్టమంతా ఆయనది. దాన్ని తీసుకెళ్ళి సందులో పొడి అమ్మేవాడి ఖాతాలో వేశావు.

నీ ఉత్తరం బల్ల మీద ఉంటే ఆయన చదివాడు. నేను దాచి ఉండాల్సింది. మడిచి నా చేతికిచ్చి, చెప్పులేసుకుని బయటికి నడిచాడు. ఈసారి బడి వెనక నుంచి కాదు, తిన్నటి దారిలో. వెనకాలే వెళ్ళాలని నా కాళ్ళు లాగాయి. గుమ్మం పట్టుకుని ఆగాను. నేను వెళ్ళి చెయ్యి పట్టుకుని తెస్తే, రేపు కూడా నేనే తేవాలి. ఆ కాసేపు నేను పడింది నీకు చెప్పలేను.

తిరిగొచ్చాక చెప్పాడు. అమ్మేవాళ్ళ ముందు నిలబడ్డాడట. నిలబడి, జోగేకి ఫోన్ చేశాడట. జోగే అంటే సెంటర్లో ఈయన పక్కమంచం. ఈయనతోపాటే మానాడు, ఊరి చివర ఉంటాడు. "అక్కడే ఉండు" అని సైకిలేసుకుని వచ్చి, వాళ్ళింటికి తీసుకెళ్ళి ఉడికిన చిలగడదుంపలు పెట్టాడట. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారని అడిగితే "ఏటీ మాటాడుకోనేదు, తిన్నాం" అన్నాడు.

పొట్లం కల్యాణి మేడం దగ్గరికి వెళ్ళింది, ఆవిడ చూసి పారేసింది. కేకు చక్రధరరావు గారింటికి పంపాను. ఇంత మంచి కేకు ఈ మధ్య తినలేదని కబురు పంపాడు.

నేను కటువుగా రాశాను. రాయాల్సినదే రాశాను కాబట్టి కొట్టేయను. నువ్వంటే ప్రేమ లేక కాదు.

స్టెల్లా


కంచరపాలెం, విశాఖపట్నం
డిసెంబరు 19

స్టెల్లాకి,

ఉత్తరం చేరింది. ఎన్నిసార్లు చదివానో. నువ్వు రాసిన తిట్లన్నీ బాగానే ఉన్నాయి, వాటికి నేను ఏడవలేదు. "నాను మానేనంటే నమ్మదు" అని వాడన్నాడే, అక్కడే ఆగిపోయాను. వాణ్ణి చంకనేసుకుని పెంచాను. నేను నమ్మనని వాడికి అంత ఖాయంగా తెలుసా?

నమ్మలేదు, నిజమే. తాగనని వాడు నాకు ఎన్నిసార్లు ఒట్టేశాడో నీకు తెలుసు. ప్రతిసారీ నమ్మి, ప్రతిసారీ బోల్తా పడ్డాను. చివరికి మనిషిని నమ్మడం కంటే పొట్లాన్ని నమ్మడం తేలికయింది. పొట్లం అబద్ధమాడదనుకున్నాను. అదీ ఆడింది.

అప్పలకొండమ్మ ఇంటికీ, ఇంకొకావిడ ఇంటికీ వెళ్ళి పొట్లాలు వెనక్కి అడిగాను. ఇంకొకావిడ ఇచ్చేసింది. అప్పలకొండమ్మ ఇవ్వనంది. "నువ్వే తెచ్చినావు, నువ్వే ఒద్దంతన్నావు, నీకేటైనాదే?" అని వీధిలో పరువు తీసింది. ఆవిడ మొగుడికే చెప్పేసి వచ్చాను. ఇప్పుడు వాళ్ళింట్లో యుద్ధం. దేముడు బతికి బయటపడ్డాడు, పెళ్ళాంతో మాట్లాడటం లేదు. కూటంలో మళ్ళీ లేచి, అప్పుడు నేను చెప్పింది తప్పని చెప్పాను. ఈసారి చప్పట్లు రాలేదు.

ఇప్పుడు నా భయం నీకు చెప్పాలి. పొడి ఉందనుకున్నప్పుడు డోలక్ వాయించనీ అని గొప్పగా రాశాను. పొడి లేదు, వాడొక్కడే ఉన్నాడని తెలిశాక నాకు ధైర్యం చాలడం లేదు. స్టెల్లా, నీకు దణ్ణం పెడతాను. వాణ్ణి ఆ ఇంటికి వెళ్ళనివ్వకు. మిగతా ఇళ్ళన్నీ తిరగనీ. ఆ వీధి మొదట్లోనే ఏదో వంక చెప్పి వెనక్కి తెచ్చెయ్యి. రూతుకి కడుపునొప్పి అను, నీకు కళ్ళు తిరుగుతున్నాయను. ఇన్నాళ్ళ కష్టం ఒక్క మేడ మెట్ల మీద పోకూడదు.

నేను రావాలనుకున్నాను. లైను మీద కొండరాళ్ళు పడి బండ్లు ఆపేశారట. బాగయిందేమో. నేనొస్తే కాపలా కాస్తాను తప్ప ఏం చేస్తాను.

రాజ్యశ్రీ


కిరండూల్
డిసెంబరు 27

వదినా,

ఇది తీరిగ్గా కూర్చుని చదువు. మంచి కబురే.

నీ ఉత్తరం ఆయనకి చూపించాను. మా ఇంట్లో ఇక ఏదీ దాచడం లేదు, దానివల్ల ఏమొచ్చినా సరే. చదివి, "వంకలెందుకు, నానే సెప్తాను" అన్నాడు. ఏం చెబుతాడో నాకు చెప్పలేదు. అడగలేదు కూడా.

ఇరవైమూడున పాటలు మా వీధుల్లో. మధ్యాహ్నం మూడింటికే బయల్దేరాం, చీకటి పడేలోపు అయిపోవాలని పాస్టరుగారి మాట. ఈయన డోలక్ మెళ్ళో వేసుకుని ముందు నడిచాడు. నేను ఆడవాళ్ళ వరసలో. రూతు రానంది కదా, గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండి, మేం మలుపు తిరిగేసరికి చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. మా వరసలో చోటిచ్చాం. మొదటి ఇళ్ళలో జనం ఆయన్ని బెరుకుగా చూశారు. డోలక్ మోగాక చూపులు మారాయి. ఆ చేతుల్లో ఏముందో నీకు తెలుసు కదా, ముసలివాళ్ళు కూడా కాలు ఆడిస్తారు.

అన్ని ఇళ్ళూ అయ్యాయి. చక్రధరరావు గారి వీధిలోకి తిరిగాం. నువ్వు చెప్పిన వంకలన్నీ నోటి దాకా వచ్చాయి. మింగాను.

గేటు తీశారు. పాస్టరుగారు వెళ్ళారు, సతీష్ వెళ్ళాడు, అందరూ వెళ్ళారు. ఈయన గేటు దగ్గర ఆగిపోయాడు. రోడ్డు మీదే నిలబడి, "మీరెల్లండి. నానిక్కడి నుంచే వాయిస్తాను" అన్నాడు.

చక్రధరరావు గారు వరండాలోంచి చూశాడు. ఆయనది భద్రాచలం వైపు కదా, గొంతు వీధి చివరికి వినపడుతుంది. "ఏంది శ్యామూ, బయటనే నిలబడ్డవ్? పండగ పూట గేటు కాడ నిలబడుడేంది? నా మీద అలిగినవా?"

"అలగనేదు బాబూ. లోపలికొస్తే తాగుతాను. అందుకే రాను."

అంతే వదినా. గొంతు పెంచలేదు, తల దించలేదు. టైరు గాలి సంగతి చెప్పినట్టు చెప్పాడు. లోపల నవ్వబోయిన ఒకరిద్దరు నవ్వు మింగేశారు. నాకు మాత్రం ఒక్కసారి గుండె నిండిపోయింది. మా పెళ్ళినాడు కూడా ఆ మనిషిని చూసి అంత గర్వపడలేదు. ఈ మాట ఆయనకి చెప్పాను కూడా.

ఆయన వాయించడం మొదలుపెట్టాడు. మేం వరండాలో, డోలక్ రోడ్డు మీద. పాట కుదరలేదు. మధ్యలో తోట ఉంది, కార్లున్నాయి. మా గొంతు ఒక చోట, దెబ్బ ఒక చోట. సతీష్ చేతులు గాల్లో ఊపి కలపబోయి ఇంకా చెడగొట్టాడు. రెండో చరణానికి అందరం తలా ఒక పాట పాడుతున్నట్టుంది.

వరండాలో చక్రధరరావు గారి తల్లి వరహాలమ్మగారు కూర్చుని ఉంది. తొంభైకి దగ్గరపడింది, ఏటా ఆవిడ కోసమే ఆ ఇంటికి వెళ్తామని పాస్టరుగారంటారు. ఆవిడ కర్రతో నేల మీద కొట్టింది.

"డోలు బజార్ల ఉంటే నేను ఇంట్ల కూసుని ఏం చేస్తరా? నా కుర్చీ బయటెయ్యి."

కొడుకు ఏదో సర్దిచెప్పబోయాడు. ఆవిడ అప్పటికే లేచింది. ఇద్దరు పట్టుకుని నడిపించారు, ఒకరు కుర్చీ మోశారు. గేటు దాటించి, రోడ్డు మీద, మీ తమ్ముడి పక్కన వేశారు. ఆవిడ వెనకాల మేమందరం వచ్చేశాం. పాస్టరుగారు వచ్చారు. ఆ ఇంటి కోడళ్ళు వచ్చారు. ఎదురింట్లో మనవాళ్ళు కాని ఛత్తీస్‌గఢీ వాళ్ళు ఏమైందోనని బయటికొచ్చి నిలబడ్డారు. అప్పుడు పాడాం. ఈ ఏడు అన్ని ఇళ్ళలోకీ అక్కడే బాగా కుదిరింది. రూతు వాళ్ళ నాన్నకి ఆనుకుని నిలబడి మా అందరి కంటే గట్టిగా పాడింది. ఆయన దానివైపు చూడలేదు. చూస్తే చేతులు ఆగిపోయేవన్నాడు తర్వాత.

చక్రధరరావు గారు మారిపోయాడని రాయను. ప్రార్థన అయ్యాక ఎప్పటిలాగే కొందరు మేడెక్కారు. పోయినేటి కంటే తక్కువమంది. సతీష్ వెళ్ళలేదు, ఎందుకో నేను అడగలేదు. మేం ఇంటికి నడిచొచ్చాం. దారిలో ఆయన జోగేకి ఫోన్ చేసి, "అయిపోనాది" అన్నాడు. ఇంట్లో కూర్చున్నాక చొక్కా విప్పితే చెమటకి తడిసి ముద్దయిపోయి ఉంది. డిసెంబరు చలిలో. వాయించినందుకు కాదు ఆ చెమట. ఆ గేటు దాటకుండా నిలబడటం ఎంత పనో ఆ చొక్కా చూశాక తెలిసింది నాకు.

రేపు ఏమవుతుందని అడగకు. నాకు తెలియదు, ఆయనకీ తెలియదు. కానీ ఆ రోజు గేటు దగ్గర నేను చెయ్యి పట్టుకోలేదు, ఎవరూ పట్టుకోలేదు, తన కాళ్ళ మీద తను నిలబడ్డాడు. అది నేను నా కళ్ళతో చూశాను. దాన్ని ఇక ఎవరూ నా దగ్గర నుంచి తీసుకోలేరు.

లైను బాగుపడిందట. బాబాయి ఎల్లుండి బయల్దేరుతున్నాడు, ఆయన చేతికే ఇస్తున్నాను.

స్టెల్లా


కంచరపాలెం, విశాఖపట్నం
జనవరి 2

శ్యామూ,

ఈ ఉత్తరం స్టెల్లాకి కాదు, నీకు. నీ గురించి దానికి ఎన్ని ఉత్తరాలు రాశానో నీకు తెలుసు, అన్నీ చదివావట. నీకు మాత్రం నేను ఒక్కటీ రాయలేదు. సెంటర్లో ఉన్నప్పుడు కూడా రాయలేదు. నీతో మాట్లాడాల్సినవన్నీ నీ పెళ్ళాంతో మాట్లాడాను, పాస్టరుతో మాట్లాడాను, వీధిలో ఆడవాళ్ళతో మాట్లాడాను.

స్టెల్లా రాసింది మీ బావగారికి చదివి వినిపించాను. "లోపలికొస్తే తాగుతాను, అందుకే రాను" అన్న చోట ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నారు. నేను తుడుచుకోలేదు, కారనిచ్చాను.

నువ్వు మానావు. నువ్వే మానావు. ఈ మాట నేను ఇంతకు ముందు అనలేదు, అందుకని రాసి పంపుతున్నాను.

పదో తారీఖు బండికి నేనొస్తున్నాను. నాలుగు రోజులుంటాను, నువ్వు ఉండమంటే ఇంకా ఉంటాను. ఇదివరకు మీ ఇంటికి ఎప్పుడొచ్చినా ఏం వండాలో, ఎవరు ఎక్కడ పడుకోవాలో, నువ్వు ఎవరితో తిరగాలో, ఎవరితో తిరగకూడదో రైలు దిగకముందే నేనే తేల్చేసేదాన్ని. ఈసారి నాకేమీ తెలియదు. సాయంత్రాలు నీకు కష్టమని స్టెల్లా రాసింది. ఆ వేళకి నేను నీ పక్కన కూర్చోవాలా, మాట్లాడాలా, నోరు మూసుకోవాలా, లేకపోతే రూతుని తీసుకుని బయటికి వెళ్ళిపోవాలా?

నువ్వు చెప్పు. నువ్వు ఎలా చెబితే అలా చేస్తాను.

మీ అప్ప